జీపును నాలుగంగుళాలు ఎత్తించిన ఏడాది

మాది నగరి. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఎనిమిది మరమగ్గాలు ఆడుతుంటాయి. ఆ చప్పుడులోనే పుట్టి పెరిగాం కాబట్టి మా ఇంట్లో అందరం కొంచెం గట్టిగానే మాట్లాడుకుంటాం. నేను అందరికన్నా గట్టిగా మాట్లాడతాను. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా ఆవిడ అంటుంది. ముక్కు మీదే ఉండిపోతే ఎవరికీ నష్టం లేదు. నాది వెంటనే నోట్లోకి దిగుతుంది. ఇప్పుడు చెప్పబోయేదంతా అట్లా దిగినందువల్ల వచ్చిన తంటానే.

సత్యవేడు పోయే దోవలో, కొండ కింద, మాకు నాలుగెకరాల మామిడితోట ఉంది. తారు రోడ్డు దిగాక తోట దాకా వంకలోనే పోవాలి. వానలు ఆగితే వంకలో నీళ్ళుండవు, గుండ్లుంటాయి. ఒక్కో గుండు గంగాళమంత. మా జీపు పాతది, నాలుగు చక్రాలూ లాగే రకం. ఇంజనుకు బలం ఉంది గానీ పొట్ట నేలకు దగ్గర. రెండేళ్ళలో రెండుసార్లు గుండు తగిలి కింద ఆయిలు తొట్టి పగిలింది. రెండోసారి ఎరువు మూటలతో వంక మధ్యలో నిలబడిపోయి, తోటదాకా మూటలన్నీ భుజాన మోశాను. ఆ రోజే అనుకున్నాను, ఈ బండిని ఎత్తించాల్సిందేనని.

మా బండి ఎప్పుడూ ఒక్క మెకానిక్ దగ్గరికే పోతుంది. ఊరు దాటగానే పుత్తూరు రోడ్డు పక్కన ఆయన షెడ్డు. అరవై దాటిన మనిషి, తోడు ఎవరినీ పెట్టుకోడు. నేను అన్నా అంటాను, ఆయన నన్ను సామీ అంటాడు. స్కూలు వ్యాన్లు, పాల వ్యాన్లు, కూరగాయల బండ్లు అన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. ఎందుకంటే ఆయన చెవి. బండి ఇంకా రోడ్డు మీద ఉండగానే షెడ్డులోంచి "వాని వెనక చక్రంలో బేరింగు పొయ్యిండాది సూడు" అనేవాడు. విప్పి చూస్తే పోయే ఉండేది. ఎదురుగా ఉన్న టీ అంగట్లో కూర్చున్న డ్రైవర్లు దీని మీద పందేలు కూడా వేసుకునేవాళ్ళు. ఆ షెడ్డు నడిచేది ఆ చెవి మీదే. గోడకు బోర్డు లేదు, యంత్రాలు లేవు, చెవి ఉంది.

ఆయనలో నాకు నచ్చనిది ఒకటే. మనం మాట్లాడుతుంటే మన మొహం చూడడు. తల కుడిపక్కకు తిప్పేసుకుని, ఎటో చూస్తూ వింటాడు. పేరుపడ్డ మనిషి కదా, పొగరు అనుకునేవాణ్ణి.

వానలు తగ్గుముఖం పట్టాక జీపు ఆయనకు అప్పగించాను. ముందూ వెనకా బండి బరువు మోసే ఎత్తు కమాను పట్టీలు, వాటికి సరిపోయే పొడుగు షాక్ అబ్జార్బర్లు వేశాడు. నాలుగంగుళాలు లేచింది. ఇంటికి తెస్తే మా ఆవిడ చుట్టూ తిరిగి చూసి, "బాగుండాది. ఎక్కేదానికి నిచ్చెన కూడా ఇచ్చినారా?" అంది. బండి ఇచ్చేటప్పుడు ఆయన నన్ను కిందికి వంగి చూడమన్నాడు. గేరుపెట్టె దగ్గర్నుంచి వెనక ఇరుసు దాకా ఒక పొడుగు గొట్టం పోతుంది. దాన్ని షాఫ్టు అంటారు. ఇంజను తిరుగుడును వెనక చక్రాలకు మోసుకుపోయేది అదే.

"బండి లేస్తే ఈ షాఫ్టు వాలు పెరుగుతాది సామీ. ముందు కొంచెం అటూ ఇటూ ఉన్నా ఓర్సుకునేది. ఇంక ఓర్సుకోదు. నేను సరిగ్గా సూసి బిగించినా. ఏమన్నా అయితే నా కాడికే రా" అన్నాడు.

నేను సరే సరే అంటూ తాళం తీసుకున్నాను. నా ధ్యాసంతా వంక మీద ఉంది. ఆ ఆదివారమే మా ఆవిడను తీసుకుని తోటకు పోయాను. గుండ్ల మీద జీపు దర్జాగా నడిచింది. ఎక్కడా పొట్ట తగల్లేదు.

తర్వాత ఆయుధ పూజ వచ్చింది. మా నేతగాళ్ళ ఇళ్ళల్లో ఆ పండగ ఎట్లా ఉంటుందో కొంచెం చెప్పాలి. ముందురోజు మగ్గాలన్నీ ఆపేస్తాం. విప్పడానికి వీలున్న ప్రతి ముక్కా విప్పి, కిరసనాయిలుతో కడిగి, మెరిసేదాకా తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, మళ్ళీ బిగిస్తాం. పైపైన తుడిచి బొట్టు పెట్టడం మా నాయనకు గిట్టేది కాదు. "లోపల మురికి పెట్టుకుని పైన బొట్టా" అనేవాడు. ఆయన పోయినా ఆ పద్ధతి పోలేదు. జీపు మా ఇంటికి వచ్చినప్పటి నుంచి దానికీ అదే మర్యాద. చక్రాలు విప్పుతాను, షాఫ్టు దించి రెండు ముక్కలూ విడదీసి కడుగుతాను, బొట్లు పెట్టి బిగిస్తాను. ప్రతి ఏడూ చేసేదే, ఆ ఏడూ చేశాను. పూజ అయ్యాక బొరుగులూ బెల్లమూ పంచి, గుమ్మడికాయ కొట్టి, నిమ్మకాయల మీద బండి నడిపించాం.

పండగ అయిన మూడో రోజు ఒక్కణ్ణే తోటకు బయల్దేరాను. నలభై దాటగానే సీటు కింద నుంచి గుమ్ గుమ్ గుమ్మని ఒక మోత. వేగం పెంచితే పెరుగుతుంది, యాక్సిలేటరు మీద కాలు తీస్తే టక్కున ఒక దెబ్బ కొట్టి తగ్గుతుంది. మళ్ళీ కాలు వేస్తే మళ్ళీ మోత. గేరు కర్ర చేతిలో వణుకుతోంది. విన్న క్షణంలో నా బుర్రకు తట్టింది ఒక్కటే, కొత్త కమాన్లు. ఇంకేదైనా కావచ్చునన్న ఆలోచనే రాలేదు. ఇంటికొచ్చి మా తమ్ముడికి ఫోను చేసి, "కమాన్లు ఏసినకాడ నుంచి ఒకటే మోత" అన్నాను. మర్నాడు నూలు వ్యాపారికీ అదే చెప్పాను. చెప్పగా చెప్పగా మొదటి రోజు నుంచీ మోగుతోందని నాకే గట్టి నమ్మకం కుదిరింది.

జీపు షెడ్డుకు తీసుకుపోయాను. ఆయన నా పక్క సీట్లో కూర్చున్నాడు. పుత్తూరు రోడ్డు మీద నలభైలో, యాభైలో తోలాను. బండి మోగుతూనే ఉంది. ఆయన రోడ్డు వైపు చూస్తున్నాడు.

"వినపడిందా?" అన్నాను.

"గాలి సప్పుడు తప్ప నాకేం వినపడలే సామీ. ఇంకోసారి పోనీ."

ఇంకోసారి పోనిచ్చాను. మూడోసారి కూడా. నా పళ్ళు కదిలేటంత మోత, ఆ పక్కన కూర్చున్న మనిషికి తెలియడం లేదంటే నేనెట్లా నమ్మేది? పని తప్పు చేసి వినపడలేదని నాటకం ఆడుతున్నాడనుకున్నాను. షెడ్డు ముందు బండి ఆపి దిగేసరికి టీ అంగట్లో ఐదారుగురు డ్రైవర్లున్నారు. ఆయన మెల్లగా దిగి, "నేను ఇచ్చినప్పుడు బండి మోగలేదు కదప్పా" అన్నాడు.

అంతే. నాకు తిక్క రేగింది.

"మోగలేదా? నీకు సెవుడొచ్చి నా బండిని మోగలేదంటావా? సెవిటోనివి మెకానిక్ పని ఎందుకన్నా నీకు, ఇంట్లో కూర్చోపో" అన్నాను. మగ్గాల మధ్య మాట్లాడే గొంతుతో అన్నాను. టీ గ్లాసులు పట్టుకున్నవాళ్ళు పట్టుకున్నట్టే ఆగిపోయారు. ఆయన చేతిలో ఉన్న గుడ్డతో చేతులు తుడుచుకుంటూ షెడ్డులోకి పోయాడు. నేను జీపు తీసుకుని వచ్చేశాను. దారిలో నాకు తృప్తిగానే ఉండిందని ఒప్పుకోవాలి.

తర్వాత తిరుపతి తీసుకుపోయాను. ఊరి బయట ఒక పెద్ద గ్యారేజీ, జీపులు ఎత్తించే పనే వాళ్ళది. షాఫ్టు వాలు ఎక్కువైంది అన్నారు. వెనక ఇరుసుకూ కమాన్లకూ మధ్య ఏటవాలు ఇనప చీలలు పెట్టి ఇరుసు మూతిని కొంచెం పైకి తిప్పారు. మోత ఇంకొంచెం పెరిగింది. షాఫ్టు చివర్ల క్రాసులు అరిగుంటాయన్నారు. షాఫ్టు దించకుండానే, బండి కిందే పడుకుని ఆ రెండు కీళ్ళూ మార్చారు. మోత అట్లాగే ఉంది. చివరికి గేరుపెట్టె దించి లోపల చూడాలన్నారు. దించితే ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేమన్నారు. ఆలోచించుకుని వస్తానని బండి ఇంటికి తెచ్చాను.

ఆ సాయంత్రం మా ఆవిడ దగ్గర కూర్చుని గ్యారేజీ వాళ్ళనూ, కమాన్లనూ, నగరిలోని ముసలాయననూ వరసగా తిట్టాను. మొదటి రోజు నుంచీ ఇదే మోత అన్నాను. ఆమె చిక్కుడుకాయలు తుంచుతూ వింటోంది.

"మొదటి రోజు నుంచి యాడ మోగింది? పండగ ముందు ఆదివారం తోటకు పోతిమి కదా. వచ్చేటప్పుడు నేను వంక దాటి తారు రోడ్డు ఎక్కినకాడ నుంచి ఇంటిదాకా నిద్రపోతిని. ఈ మోతలో ఎవరన్నా నిద్రపోతారా?" అంది.

అవును, నిద్రపోయింది. ఆమె తల నా భుజం మీద పడితే గేరు మార్చడానికి వీల్లేక మూడో గేరులోనే నలభై దాటి చాలా దూరం తోలాను. ఆ రోజు బండి మోగలేదు. అంటే ఆయన ఇచ్చినప్పుడు మోగలేదన్నది నిజం. టీ అంగడి ముందు నేనన్న మాట గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకు పోయాను. ఎప్పుడూ నాలుగు బండ్లు ఉండే చోట ఒక్క బండీ లేదు. ఆయన పీట మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. టీ అంగడాయన నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు. "నువ్వు సెవుడన్నంక వ్యాన్లోళ్ళు పుత్తూరు పోతాండారప్పా. పిల్లోళ్ళు ఎక్కే బండి, సెవుడు మనిషికి ఎట్లిస్తామంటాండారు. నీ మాట పట్టుకునే అంటాండారు."

నాకు అక్కడి నుంచి పారిపోవాలనిపించింది. కానీ బండి అప్పటికే ఆయన కళ్ళబడింది. లేచి వచ్చాడు. పాత మాట ఎత్తలేదు. "ఇంకా మోగతాండాదా సామీ?" అన్నాడు, తల అట్లాగే కుడిపక్కకు తిప్పుకుని. అప్పుడు అర్థమైంది నాకు. అది పొగరు కాదు. నాకు ఎడమ చెవి అందిస్తున్నాడు. బండిలో ఆయన కూర్చున్నది నా ఎడమ పక్క. నా వైపుకూ మోత వైపుకూ ఉన్నది కుడి చెవి.

"మోగతాండాదన్నా" అన్నాను.

"అయితే వినేది వద్దు. ఎతుకుదాం."

ముందు తిరుపతి వాళ్ళు పెట్టిన చీలలు తీసేశాడు. "నేను పెట్టిన వాలు సరిగ్గానే ఉండె, ఇవి ఎందుకు?" అని తనలో తను అనుకున్నాడు. తర్వాత నన్ను తోలమని, తను బండి లోపలే వెనకపక్క కింద కూర్చుని, అరచేయి ఒకసారి గేరుపెట్టె పైన రేకు మీద, ఒకసారి ఇరుసు పైన ఆనించి చూశాడు. మూడు మైళ్ళు అట్లాగే కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. "ఇప్పుడు తెలస్తాండాది. చక్రం ఒక సుట్టు తిరిగే లోపల శానా సార్లు కొడతాండాది. అంటే చక్రం కాదు, టైరు కాదు. దానికన్నా బిరీన తిరిగేది ఏదో" అన్నాడు.

షెడ్డుకొచ్చాక వెనక షాఫ్టు పూర్తిగా విప్పి పక్కన పెట్టాడు. ముందు చక్రాల లాగుడు మీదే బండిని తోలమన్నాడు. తోలాను. నలభై, యాభై, అరవై. ఎక్కడా చిన్న అదురు కూడా లేదు. ఎన్ని రోజుల తర్వాతో నా బండి ఇంజను చప్పుడు నాకు వినిపించింది. గేరుపెట్టె దించక్కర్లేదు. తప్పు ఆ గొట్టంలోనే ఉంది.

అప్పటికి టీ అంగడి నిండింది. నన్నూ నా జీపునూ మళ్ళీ ఆ షెడ్డులో చూసి డ్రైవర్లు లేచి దగ్గరికి వచ్చారు. ఒక స్కూలు వ్యాను డ్రైవరు అందరికన్నా ముందు నిలబడ్డాడు. ముసలాయన షాఫ్టు ఒళ్ళో పెట్టుకుని పీట మీద కూర్చున్నాడు. షాఫ్టు నిజానికి రెండు ముక్కలు. పళ్ళలో పళ్ళు కూర్చుని, ఒకదాంట్లోకి ఒకటి జారుతుంటాయి. రెండు చివర్లా రెండేసి కొమ్ములుంటాయి. ఒక చివరి కొమ్ములు అడ్డంగా ఉంటే రెండో చివరివి కూడా అదే వరసలో ఉండాలి. ఆయన ఒక చివర వేలు పెట్టి, రెండో చివరి దాకా చెయ్యి జరిపాడు. చెయ్యి ఆగింది. వరస తప్పింది. పళ్ళు ఒక పన్ను పక్కకు కూర్చున్నాయి.

రెండు ముక్కలూ లాగి విడదీశాడు. లోపల, గ్రీజు మధ్యలో, ఎర్రగా ఉంది. పసుపు కూడా ఉంది. మా ఆవిడ కలిపిన కుంకుమ, నేను నా వేలితో పెట్టిన బొట్టు.

అప్పుడు గుర్తొచ్చింది. పండగ ముందురోజు షాఫ్టు విప్పుతున్నప్పుడు రెండు ముక్కల మీదా ఒక్కో తెల్ల పెయింటు గీత ఉండింది. రోడ్డు మీద గీతలు వేసేవాళ్ళ పెయింటు చిందిందనుకున్నాను. కిరసనాయిలుకు పోకపోతే బ్లేడుతో గీకి మరీ శుభ్రం చేశాను. అవి ఆయన పెట్టిన గుర్తులు. ఆ రెండు గీతలూ ఎదురెదురుగా వచ్చేట్టు బిగించాలి. ఇన్నేళ్ళూ నేను ఎట్లా బిగించినా ఆ పాత జీపు వాలు తక్కువ కాబట్టి ఓర్చుకుంది. ఎత్తాక ఓర్చుకోలేదు. ఆయన ఆ మాట ముందే చెప్పాడు, నేను సరే సరే అన్నాను.

ఆయన కుంకుమ చూశాడు. తలెత్తి నన్ను చూశాడు. గుడ్డ తీసుకుని పళ్ళు తుడిచేశాడు. వెనక నిలబడిన వాళ్ళకు ఎరుపు కనపడలేదు.

"ఏంది, దొరికిందా?" అన్నాడు స్కూలు వ్యాను డ్రైవరు.

"దొరికిందప్పా. నాదే పొరపాటు. బిగించేటప్పుడు ఒక పన్ను పక్కకు పడిండాది" అన్నాడాయన.

"సెవే అనుకుంటిమి. సూపు కూడా పాయనా అన్నా" అని డ్రైవరు నవ్వాడు. మిగతావాళ్ళూ నవ్వి టీ అంగట్లోకి పోయారు.

నేను అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. ఆయన కొమ్ములు వరసకు తెచ్చి, కొత్తగా తెల్ల గీతలు గీసి, షాఫ్టు ఎక్కించాడు. నేను బండి తోలి చూసుకుని వచ్చాను. కమ్మగా పోయింది. ఇంక వెళ్ళిపోవడమే మిగిలింది.

ఆయన పీట మీద కూర్చుని పానాలు తుడుస్తున్నాడు. నేను పక్కన గొంతుక్కూర్చుని, "అన్నా, తప్పు నాది. పూజకు నేనే ఇప్పి, ఆ గీత చెరిపేసినా. ఆ రోజు అట్లా అనింది కూడా తప్పే" అన్నాను. నా జన్మలో అంత మెల్లగా ఎప్పుడూ మాట్లాడి ఉండను. ఆయన పలకలేదు. పానాలు తుడుస్తూనే ఉన్నాడు. కోపం పోలేదనుకున్నాను, పోవాల్సిన పనీ లేదు. కాసేపటికి తలెత్తి, నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు.

"ఈడ కూర్చోనుండావా? ఏమన్నా అంటివా సామీ?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఆ పక్క రెండేండ్లుగా వినపడేది లే. ఈ పక్కకు వచ్చి సెప్పు" అన్నాడు. కంగారులో నేను కూర్చున్నది ఆయన కుడి పక్కన.

ఎడమ పక్కకు పోయి చెవిలో చెప్పేస్తే అయిపోయేది. ఆయనా అదే చాలనుకునేవాడు. నేను లేచాను గానీ ఆ పక్కకు పోలేదు. రోడ్డు దాటి, టీ అంగడి ముందు, ఆ రోజు నిలబడిన చోటే నిలబడ్డాను.

"అప్పా, అందరూ వినండి. ఆయన బిగించింది సరిగ్గానే ఉండె. ఆయుధ పూజకు నేను షాఫ్టు ఇప్పి, బొట్టు పెట్టి, ఆయన పెట్టిన గుర్తు నేనే గీకేసి తప్పుగా బిగించినా. మోత నా వల్ల వచ్చింది. నన్ను కాపాడేదానికి ఆయన తప్పు నెత్తినేసుకున్నాడు. వినకుండానే, అరచెయ్యి ఆనించి కనుక్కున్నాడు. తిరుపతోళ్ళు కనుక్కోలేనిది." మగ్గాల మధ్య మాట్లాడే గొంతుతోనే చెప్పాను.

టీ అంగడాయన నాకు ఒక టీ ఇచ్చాడు. రోడ్డు అవతల ఆయన లేచి నిలబడ్డాడు. నేను దగ్గరికి పోతే, "ఇంత గట్టిగా అరవాల్నా? ఒక సెవి బాగానే ఉండాది కదా" అన్నాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. నావీ అంతే.

స్కూలు వ్యాను ఆ వారంలోనే తిరిగి వచ్చింది. కూరగాయల బండ్లూ వచ్చాయి. ఇప్పుడు ఆయుధ పూజ ముందురోజు ఆయనే మా ఇంటికొచ్చి షాఫ్టు విప్పి, బొట్టు పెట్టించుకుని, తనే బిగించి, బొరుగులు తిని పోతాడు. పాల వ్యాన్లు రెండు మాత్రం ఇప్పటికీ పుత్తూరుకే పోతున్నాయి. ఆ డ్రైవర్లు ఆ రోజు నేను తిట్టినప్పుడు ఉన్నారు, ఒప్పుకున్నప్పుడు లేరు. ఎక్కడ కనపడినా బండి ఆపించి జరిగినదంతా మొదటి నుంచి చెప్తాను. వాళ్ళు మర్యాదగా వింటారు. "అట్లనా అన్నా" అని, గేరు వేసి, పుత్తూరు వైపే పోతారు.